కోసేసిన రెండు రీళ్లు

పడుకున్న సినిమాని ఒక కత్తెరతో, ఒక సీసా ఫిలిం అతికించే సిమెంటుతో లేపి కూర్చోబెట్టినవాణ్ణి మా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో నేనొక్కణ్ణే. బెజవాడ గాంధీనగర్‌లోని పంపిణీ ఆఫీసు వాళ్లు ఆశ వదులుకున్న యుద్ధం సినిమా అది. నందిగామలో వారం రోజులు హౌస్‌ఫుల్ బోర్డు పెట్టి ఆడించాను. ఈల వెయ్యని కుర్రాడు లేడు. ఆఫీసు వాళ్లు ఫోన్ చేసి, "ఎడిటింగ్ ఎక్కడ నేర్చుకున్నావయ్యా మహానుభావా?" అని మెచ్చుకున్నారు. ఆ మాట జగ్గయ్యపేట బజారులో కనపడిన ప్రతివాడికీ చెప్పాను. అడగనివాడికి కూడా ఆపి చెప్పాను.

కొన్నేళ్ల తర్వాత చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. థియేటర్ లీజుకు తీసుకుందామనుకునే కుర్రాళ్లు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చి కిటుకులు అడుగుతుంటారు. నాకు తెలిసిన కిటుకుల్లో అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే. దీన్ని మాత్రం నేర్చుకోవద్దు.

సంచి విప్పకుండా కొన్న సరుకు

మాది జగ్గయ్యపేటలో మిరపకాయల కొట్టు. మిర్చి వ్యాపారంలో తాలు కాయలని ఉంటాయి. రంగు పోయి, తెల్లబడి, ఘాటు లేని కాయలు. సంచి అడుగున తాలు పోసి పైన ఎర్రటి కాయలు పరిచి తెచ్చే రైతుల్ని మా నాన్న చెయ్యి పెట్టి పట్టుకునేవాడు. మోచేతి దాకా సంచిలోకి దూర్చి గుప్పెడు తీసి చూస్తేగానీ ధర చెప్పేవాడు కాదు. ఆ కాయల ఘాటుకి నాకు తుమ్ములు. కొట్టు తప్పించుకోవడానికి సినిమా హాల్లో చేరాను. మా నాన్న, "తుమ్ములకి భయపడి వ్యాపారం మార్చినవాడు మన ఇంటావంటా లేడురా" అన్నాడు.

నాకు పని నేర్పింది లింగయ్య గారని పాత మేనేజరు. గల్లా పెట్టె వైపు చూసేవాడు కాదు. ఆట వదిలేటప్పుడు గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడి, బయటికొచ్చే మొహాలు చూసేవాడు. "టిక్కెట్టు లెక్క నిన్నటి కబురు అబ్బాయ్. రేపటి కబురు కావాలంటే ఈ మొహాలు చదువు" అనేవాడు. ఆయన పోయాక తొంభైలలో పేటలో ఒక హాలు, తర్వాత నందిగామలో ఇంకోటి లీజుకు తీసుకున్నాను. ఆయన చెప్పినట్టే చాలా ఏళ్లు గేటు దగ్గర నిలబడ్డాను. నిలబడకూడదనుకున్నది ఒక్క వారం. ఈ కథ ఆ వారానిదే.

కార్గిల్ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది. ఊళ్లో ఆటోల మీద జెండాలు, కిళ్లీ కొట్టు మీద జెండా. దేశభక్తి పేరు చెబితే ఏదైనా అమ్ముడుపోయే రోజులు. గాంధీనగర్ ఆఫీసులో మూలన ఒక బాక్సు కనపడింది. విదేశీ యుద్ధం సినిమా, తెలుగులోకి డబ్బింగ్ చేసింది.

"ఎంతకిస్తారు?" అన్నాను.

"నువ్వు తీసుకుపోవడమే పదివేలు. నీ ఇష్టమొచ్చినంత ఇవ్వు," అన్నాడు గుమస్తా.

"అట్లా అంటే ఎట్లాగండీ? మీరొక మాటనాలి, నేను తగ్గించాలి. బేరం లేకుండా కొంటే నాకు అన్నం సయించదు."

నవ్వి ఒక మాటన్నాడు. నేను సగానికి దించాను. అంత తొందరగా ఎందుకు దిగాడో ఆలోచించలేదు. సంచిలో చెయ్యి పెట్టి చూసే మా నాన్న కొడుకుని, బాక్సు విప్పి ఒక్క రీలు కూడా చూడకుండా బస్సు టాపు మీద వేయించాను. బాక్సుతో ఇచ్చిన ఫొటోల్లో టాంకు ఉంది, తుపాకీ ఉంది, కాలిపోతున్న వంతెన ఉంది. అంతకంటే ఏం కావాలి? పోస్టర్ మీద "శత్రువుకి సింహస్వప్నం" అని రాయించి ఆటోకి మైకు కట్టించాను.

పేటలో మూడు రోజులు

శుక్రవారం మ్యాట్నీకి హాలు నిండింది. సగం దాకా ఈలలే. పల్లెటూరి కుర్రాడొకడు సైన్యంలో చేరతాడు, ఊరంతా పూలు చల్లి పంపుతుంది, వంతెన దగ్గర పెద్ద పోరాటం. నేను కూడా బాల్కనీ మెట్ల మీద నిలబడి లోలోపల చంకలు గుద్దుకుంటున్నాను.

ఆ తర్వాత వచ్చాయి ఆ రెండు రీళ్లు.

వంతెన గెలుస్తారు. అవతలి ఊళ్లోకి వెళ్తారు. వాళ్లు కాపాడటానికి వచ్చిన ఊరే అది. బడిలో దాక్కున్న పిల్లలు వీళ్లు పేల్చిన గుండ్లకే చచ్చిపోయి ఉంటారు. శవాల్ని చూపించరు. ఆ కుర్రాడు బడి శిథిలాల్లోంచి పిల్లల చెప్పులు ఒక్కొక్కటే తెచ్చి, మట్టి దులిపి, జతలు కలిపి, గోడ వారగా వరసలో పెడుతుంటాడు. మ్యూజిక్ లేదు. డైలాగ్ లేదు. ఒక చెప్పుకి జత దొరకదు. దానికోసం వెతుకుతాడు, వెతుకుతాడు, వెతుకుతూనే ఉంటాడు. అది ఒక రీలు.

రెండోది వాడు ఇంటికొచ్చాక. వాడి సొంత పెళ్లిలో ఎవరో తలుపు ధడాలున వేస్తే బల్ల కింద దూరతాడు. మూసిన తలుపు వెనక ఉండలేడు. గడప మీద పడుకుంటాడు. చివరికి వాళ్ల నాన్న పక్కన కూర్చుని, "ఏం చూశావురా అక్కడ?" అని అడుగుతాడు. వాడు చెప్పబోయి నోరు తెరుస్తాడు. మాట రాదు. తెర చీకటైపోతుంది. అంతే సినిమా.

హాల్లో ఈల కాదు కదా, దగ్గు కూడా వినపడలేదు. లైట్లు వేశాక లేవాల్సినవాళ్లు లేవలేదు. లేచినవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"డబ్బులిచ్చి మరీ ఏడిపించుకోవడానికి వచ్చామా అండీ?" అని ఒక పెద్దమనిషి గద్దించాడు. బట్టల కొట్టాయన, నాకు వరసకి మావయ్య అవుతాడు, భుజం మీద చెయ్యేసి, "అల్లుడూ, మన జవాన్లని చూపిస్తావనుకుంటే పిరికోణ్ణి చూపించావు. నీకు దేశం మీద భక్తి లేదా, మా మీద కక్షా?" అన్నాడు. ఒక ముసలమ్మ మాత్రం ఎవర్నీ తిట్టలేదు. మెట్లు దిగుతూ, "ఆ పిల్లల చెప్పులు వాళ్లమ్మలకి ఇచ్చారా లేదా, అది చూపించలేదు" అని పక్కనామెని అడుగుతోంది, ఆమెకి తెలుస్తుందన్నట్టు.

సాయంత్రం ఆటకి సగం పడిపోయింది. సమోసాలమ్మే కాంట్రాక్టర్ తట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఈ బొమ్మ తీసెయ్యండి బాబూ. సినిమా వదిలాక ఒక్కడికీ ఆకలి కావట్లా. నా సరుకేం కావాల?"

ఇప్పుడు ఆలోచిస్తే ఆ సినిమాకి అంతకంటే మంచి సమీక్ష ఎవడూ రాయలేడు. అప్పుడు నాకు తట్ట మాత్రమే కనపడింది.

మిలట్రీ రామయ్య

ఆదివారం మ్యాట్నీ వదిలాక హాల్లో ఒక్కడే మిగిలాడు. సిమెంటు ఫ్యాక్టరీలో సెక్యూరిటీ గార్డు, పేరు రామయ్య. సొంతూరు నందిగామ అవతల, వీరులపాడు దగ్గర పల్లె. సైన్యంలో పనిచేసి, శాంతిసేనలో శ్రీలంక పంపితే పోయొచ్చి, పింఛను మీద ఉన్నాడు. పేటలో గది తీసుకుని ఉంటూ సెలవు రోజున ఇంటికి పోయేవాడు. అందరూ మిలట్రీ రామయ్య అనేవాళ్లు. మాట తక్కువ మనిషి.

"ఆట అయిపోయిందండీ," అన్నాను.

"శుక్రవారం నుంచి ఇది నాలుగోసారండీ చూడ్డం," అన్నాడు. "నందిగామలో వేస్తారా?"

"రేపట్నుంచే. ఏం, అక్కడ కూడా చూస్తారా?" అన్నాను, నాలుగు టిక్కెట్లు కొన్న ఒకే ఒక్క మారాజు మీద గౌరవంతో.

ఆయన లేచి నిలబడి టోపీ చేతుల్లో తిప్పుతూ, ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాడు. "మావాడు శీను శనివారం గుంటూరు పోతున్నాడండీ, ఆర్మీ సెలక్షన్లకి. పోవద్దనట్లా. తెలిసి పొమ్మంటున్నా. ఏం తెలవాలి నాన్నా అంటాడు. చెప్పబోతే నాకు నోరు పెగలదు. పదేళ్లయింది వచ్చి. ఇంట్లో కూడా చెప్పలా. వసారాలో పడుకుంటా, తలుపేస్తే ఊపిరాడదు నాకు. మా ఆవిడేమో నా మీద అలిగావా అని అడిగీ అడిగీ మానేసింది. ఈ సినిమా వాడు అదంతా చెప్పేశాడు. ఇద్దర్నీ బుధవారం తీసుకొస్తా. ఒక్కసారి చూస్తే చాలు, నేను చెప్పక్కర్లా."

"తప్పకుండా తీసుకురండి," అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

కత్తెర

ఆ రోజుల్లో హాళ్లలో సినిమా కొయ్యడం మామూలే. పాట బోరు కొడితే తీసేసేవాళ్లం, ఆఖరి బస్సు వెళ్లిపోతుందంటే కామెడీ తగ్గించేవాళ్లం. మా ఆపరేటర్ మస్తాన్ దగ్గర పాత సినిమాల్లోంచి కోసిన ముక్కలు ఒక డబ్బా నిండా ఉండేవి. మిరపకాయల్లో తాలు ఏరినట్టు సినిమాలో తాలు ఏరడం మేనేజరు పని అనుకునేవాణ్ణి. జనానికి ఏం కావాలో నాకంటే తెలిసినవాడు ఎవడు?

ఆదివారం సాయంత్రం ఆట రద్దు చేసి మస్తాన్ గదిలో కూర్చున్నాను.

"వంతెన గెలవడంతో ఆపెయ్. తర్వాత రెండు రీళ్లూ తీసెయ్. నీ డబ్బాలోంచి జెండా పాట ముక్క అతికించు," అన్నాను.

మస్తాన్ కత్తెర తీశాడు కానీ కొయ్యలేదు. "ఆ మిలట్రీ ఆయన ఇంటోళ్లని తీసుకొస్తానన్నాడు గదండీ. ఆ రెండు రీళ్ల కోసమే గదా ఆయన వచ్చేది."

"ఒక్కడి కోసం హాలు ముంచుకుంటామా మస్తానూ?"

"నేను ముంచమంటన్నానా? గుర్తు చేస్తున్నా."

గుర్తులేక కాదు. ఇది రాసేటప్పుడు "మర్చిపోయాను" అని రాద్దామా అని ఒకసారి కలం ఆగింది కూడా. మర్చిపోలేదు. గుర్తుండే కొయ్యమన్నాను.

సోమవారం నందిగామలో కుర్రాళ్లు కుర్చీలెక్కారు. వంతెన కూలింది, జెండా లేచింది, పాట మొదలైంది, తెర మీదకి చిల్లర పైసలు విసిరారు. మంగళవారం కంచికచర్ల నుంచి ట్రాక్టర్ కట్టుకుని వచ్చారు. యుద్ధం వద్దని తీసిన సినిమా చూసి, యుద్ధం ఎప్పుడొస్తుందా అని అరుస్తూ జనం బయటికొచ్చారు. అరిపించినవాణ్ణి నేను.

పది గంటలకి గేటు దగ్గర

బుధవారం మ్యాట్నీకి రామయ్య వచ్చాడు. పక్కన భార్య, ఇస్త్రీ చీర, తలలో కనకాంబరాలు. కొడుకు శీను, పందొమ్మిదేళ్లవాడు, ఛాతీ విరుచుకుని నడుస్తున్నాడు. ముగ్గురికీ బాల్కనీ టిక్కెట్లు కొన్నాడు.

ఆట వదిలాక ఆమె నవ్వుతూ వచ్చింది. "బాగుందండీ. ఆయన ఏడుపు సినిమా అంటే భయపడ్డా. చివరికి గెలిచారు గదా, చాలు." శీను గొంతు బొంగురుపోయింది, అంత అరిచాడు.

వాళ్లని గేటు దగ్గర నిలబెట్టి రామయ్య నా గదిలోకొచ్చాడు.

"బడి రీలు వెయ్యలేదేందండీ?"

"ఫిలిం తెగిందండీ. పాత ప్రింటు గదా."

"ఇంటికొచ్చిన రీలు?"

"అదీ తెగింది."

ఆయన నన్ను చూశాడు. అబద్ధాన్ని చూసినట్టు చూడలేదు. అబద్ధమని తెలిసీ దాన్నే నమ్మాలని ప్రయత్నిస్తున్నట్టు చూశాడు. అదే ఇబ్బందిగా ఉంది. "అతికించి రేపు వేస్తారా? శనివారం పోతాడు వాడు."

"చూద్దాం. పొద్దున పదింటికి రండి," అన్నాను. మా కొట్లలో "చూద్దాం" అంటే "లేదు" అని అర్థం. సైన్యంలో అలా కాదనుకుంటాను.

రాత్రి మస్తాన్‌కి విషయం చెబితే మొహం వికసించింది. "తప్పకుండా వేద్దామండీ. రీళ్లు నా దగ్గిర భద్రంగానే ఉన్నాయి. మ్యాట్నీకి ముందు హాలు ఖాళీనే. ఒక అరగంట పని. రెండు మిషన్లకీ చెరొక జత కార్బన్ పుల్లలు, అంతే." అప్పటి ప్రొజెక్టర్లలో వెలుగు ఆ పుల్లలు కాలితేనే వచ్చేది. నేను నోటితో లెక్క కట్టాను. రెండు జతలు, కరెంటు, ఊడ్చిన హాలుని మళ్లీ ఊడవడం. "ముగ్గురి కోసం రెండు జతలు తగలేస్తామా? దండగ," అన్నాను. ఆ మాట మా నాన్న గొంతుతో వచ్చింది. మా నాన్న అయితే అనేవాడు కాదు, అది వేరే సంగతి. అసలు కారణం పుల్లలు కూడా కాదు. రీళ్లు వేస్తే అవి తెగలేదని తెలిసిపోతుంది. నా అబద్ధం బయటపడుతుంది.

పొద్దున పదింటికి ముగ్గురూ వచ్చారు. "విజయవాడ వెళ్లారని చెప్పు" అని గేటు కాపలావాడికి చెప్పి, నా గదిలో కూర్చున్నాను. కిటికీ సందులోంచి కనపడుతున్నారు. రామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆమె గోడ నీడలో. శీను అటూ ఇటూ తిరుగుతూ, "చూసిందే గదా నాన్నా, ఎందుకింత పట్టుదల? పద, బస్సొచ్చుద్ది," అంటున్నాడు. చాలాసేపు నిలబడ్డారు. తర్వాత వెళ్లిపోయారు.

అది గేటు దగ్గర నేను చదవాల్సిన మొహం. కిటికీ వెనక నుంచి వీపు మాత్రమే చదివాను.

శనివారం శీను గుంటూరు వెళ్లాడు. తీసుకున్నారు. సినిమా బాక్సు ఆ రెండు రీళ్లు లేకుండానే గాంధీనగర్ వెళ్లింది. వాళ్లు అడగలేదు. నా కటింగ్‌తోనే ఇంకో నాలుగూళ్లు ఆడించుకుని నాకు ఫోన్ చేశారు, మొదట్లో చెప్పానే, ఆ మెచ్చుకోలు.

తలుపు

ఐదారేళ్లు గడిచాయి. సీడీలొచ్చి హాళ్లు పల్చబడ్డాయి. పేట హాలు వదిలేసి నందిగామ హాలు మాత్రం ఈడుస్తున్నాను. ఒక మ్యాట్నీలో గేటు కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "ఎవడో పక్క తలుపు తెరిచి పెడుతున్నాడండీ, వెలుతురు పడి జనం తిడుతున్నారు. మూస్తే మళ్లీ తెరుస్తన్నాడు."

తగువు తీరుద్దామని వెళ్లాను. తలుపు పక్క సీట్లో పొట్టి జుట్టు, గట్టి భుజాలు. నన్ను చూసి లేచాడు.

"కొంచెం తీసి ఉంచనీయండి బాబాయ్. కొంచెమే."

శీను. సెలవు మీద వచ్చాడు. ఎక్కడ పనిచేస్తున్నాడో, ఏం చూశాడో నేను అడగలేదు. గదిలోకి తీసుకొచ్చి, తలుపు బార్లా తెరిచి పెట్టి టీ చెప్పాను. ఆ వారం సంగతంతా కక్కేశాను. కోసిందీ, అబద్ధమాడిందీ, కిటికీ వెనక కూర్చున్నదీ. రెండు రీళ్ల కథ నోటితో చెప్పాను. చెప్పుల వరస. గడప మీద పడుకోవడం.

"చివర్లో వాళ్ల నాన్నకి ఏం చెబుతాడు?" అన్నాడు.

"ఏం చెప్పడు. నోరు తెరుస్తాడు. మాట రాదు. అక్కడితో అయిపోద్ది."

శీను టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "అప్పుడు చూసినా పోయేవాణ్ణేమో బాబాయ్. అది నాకు తెలవదు. కానీ వచ్చాక, నాకే ఇట్లా అయిందనుకోకుండా ఉండేవాణ్ణి." చిన్నగా నవ్వాడు. "ఇప్పుడు నాన్నా నేనూ ఇద్దరం వసారాలోనే. అమ్మ గడపలో కూర్చుని, మీ ఇద్దరికీ నేనేం అన్యాయం చేశానర్రా అంటది. మేమిద్దరం చెప్పలేం. మీకు మాటలొచ్చు గదా. మీరొచ్చి చెప్పండి."

బిల్లు

ఆదివారం వాళ్ల పల్లె వెళ్లాను. జీవితమంతా బేరాలతో బతికినవాణ్ణి, ఒక్క మాట తగ్గించకుండా చెప్పడం ఆ వసారాలోనే మొదటిసారి. రామయ్య స్తంభానికి ఆనుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. శీను మెట్టు మీద. ఆమె చాటలో బియ్యం ఏరుతూ వింది. చెప్పుల దగ్గర ఆమె చెయ్యి ఆగింది. గడప దగ్గరికి వచ్చేసరికి చాట పక్కన పెట్టింది.

"పదిహేనేళ్లు అలకనుకున్నానండీ," అంది. భర్త వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. వాళ్ల మధ్య ఆ తర్వాత ఏం మాటలు నడిచాయో నాకు తెలియదు, నడిచాయో లేదో కూడా తెలియదు.

లేచి మజ్జిగ తెచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ, కోపం లేకుండా, సందేహం తీర్చుకుంటున్నట్టు అడిగింది. "ఆ రోజు పొద్దున్నే మేం గేటు దగ్గర నిలబడితే మీరు లోపలే ఉన్నారు గదండీ? కిటికీలో మీ చొక్కా కనపడింది. ఈయనకి చెప్పలా. చెబితే బాధపడతాడని."

"ఉన్నానమ్మా," అన్నాను.

ఇదీ లెక్క. నేను తాలు అనుకుని ఏరి పారేసింది ఆ సంచిలో ఉన్న అసలు కాయ. నందిగామలో ఆ వారం వచ్చిన లాభం హాలుకి కొత్త పరదాలు కుట్టించడానికి సరిపోయింది, అవి ఇంకో ఏడాదికి ఎలకలు కొట్టాయి. ఆ రెండు రీళ్లు మస్తాన్ దాచి దాచి, అతను పోయాక వాళ్లింటివాళ్లు పాత సామాన్లవాడికి వేశారు. ఆ ఇంట్లో ఒకామె పదేళ్లు అలకనుకున్నది పదిహేనేళ్లయింది. మధ్య ఐదేళ్లు నావి. ఒక కుర్రాడు తెలిసి వెళ్లాల్సిన చోటికి తెలియక వెళ్లాడు. తెలిస్తే మానేవాడని నేను చెప్పను, అంత పెద్ద మాట నా ఖాతాలో వేసుకోవడం కూడా ఒక రకం గొప్పే. తెలుసుకునే అరగంట మాత్రం నా చేతిలో ఉండింది.

నాకు మిగిలినవి రెండు జతల కార్బన్ పుల్లలు. వాటిని ఆ తర్వాత శుక్రవారం వేసిన సినిమాకి వాడాం. ఆ సినిమా ఏదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.